సొంత గుడ్డు తినే కోళ్ళు

ఎనభైల చివర్లో ఒక ఏడు, వానలకి పట్టాల మీదికి నీళ్ళొచ్చి బళ్ళన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. పార్సిల్ పెట్టెలో వెళ్తున్న ఫారం కోళ్ళ బుట్టల్ని ఖరగ్‌పూర్‌లో దింపేశారు. గుడ్లు పెట్టే వయసు అయిపోవస్తోందని ఎవరో వ్యాపారి మాంసానికి తీసుకెళ్తున్న కోళ్ళట. నీళ్ళు తీసేలోగా సగానికి పైగా చచ్చిపోయాయి. ఆ వ్యాపారి వచ్చి, బుట్టల్లోకి తొంగిచూసి, పనికొచ్చేవి ఏరుకుని, మిగతావి అక్కడే వదిలేసి పోయాడు. రైల్వే వర్క్‌షాపులో డ్యూటీ దిగి స్టేషన్ మీదుగా వస్తున్న మా ఆయన కంట అవి పడ్డాయి. చూసి ఊరుకునే మనిషైతే కథే లేదు. ఐదు కోళ్ళని గోనెసంచిలో వేసుకుని, ఊపిరాడేలా తలలు బయటికి పెట్టి, సంచిని సైకిల్ హేండిల్‌కి తగిలించుకుని ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో ఉన్న మా క్వార్టర్‌కి పట్టుకొచ్చాడు.

మా అత్త గుమ్మంలోనే ఆపింది.

"ఏటిరా ఇవి? కోళ్ళా, పీకిన కోళ్ళా?"

అన్నదాంట్లో తప్పేమీ లేదు. తెల్ల కోళ్ళే గానీ మెడల మీద ఈకలన్నవి లేవు. ఒకదాన్నొకటి పొడుచుకోకుండా ఫారంలోనే ముక్కు కొసలు కత్తిరించేశారు. పెరట్లో దింపితే దింపినచోటే నిలబడిపోయాయి. పుట్టి బుద్ధెరిగి నేల తొక్కలేదు కాబోలు, మట్టిలో ఒక కాలు పెట్టి వెంటనే ఎత్తేసుకున్నాయి. "పాపం, అమ్మా, రెండ్రోజులు సూద్దాం," అని మా ఆయన తల్లిని బతిమాలుకున్నాడు. "నువ్వు సిన్నప్పుడూ ఇంతే, కుంటి కుక్కనల్లా ఇంటికి తెచ్చీవోడివి," అని సణుక్కుంటూనే ఆవిడ ఇన్ని నూకలు చల్లింది.

అప్పటికి నాకు ఐదో నెల. అది మూడో కానుపు. మొదటిది ఐదో నెలలోనే పోయింది. రెండోది నెలలు నిండాకే పుట్టింది, కానీ ఏడవలేదు. ఇంతకంటే దాని గురించి నేను రాయలేను. ఈసారి రైల్వే ఆసుపత్రి డాక్టరమ్మ నన్ను మంచం దిగొద్దంది. స్నానానికీ భోజనానికీ తప్ప అడుగు తీసి అడుగు వెయ్యకూడదు. కోపం ముక్కు మీద, చక్రాలు కాళ్ళకి ఉన్న మనిషిని నేను. నన్ను మంచాన పడుకోబెట్టడమంటే ఇంట్లో అందరికీ శిక్షే.

పైగా నా భయం నాది. లోపల కదలిక తెలిస్తే ఒక భయం, తెలియకపోతే ఇంకో భయం. మా అత్త ఏమీ అడిగేది కాదు. అడగకుండా నేనే కట్టడి చేశాను. రెండో కానుపప్పుడు ఆవిడ చెయ్యని పూజ లేదు, కట్టని తాయెత్తు లేదు. ఆదివారం ఆదివారం నన్ను తూర్పుకి తిప్పి కూర్చోబెట్టి, కోడిగుడ్డుతో దిష్టి తీసి, మూడు దారులు కలిసేచోట పగలగొట్టి వచ్చేది. అంతా చేసి ఏమైంది? ఆసుపత్రి నుంచి ఒట్టి చేతులతో ఇంటికొచ్చిన రోజున నేను అరిచేశాను. "ఇంక నా చుట్టూ గుడ్డు తిప్పితే ఊరుకోను అత్తా! తిప్పినన్ని తిప్పావు, చాలు!" ఆవిడ నా నెత్తి మీద చెయ్యేసి, "తిప్పను, ఒట్టు," అంది. మా ఇంట్లో మళ్ళీ దిష్టి మాట వినబడలేదు.

వెనక వరండాలో నా మంచం వేశారు. అక్కడ పడుకుంటే పెరడంతా కనబడుతుంది. ఆ కోళ్ళు నాకు ఎంత మేలు చేశాయో చెప్తే మీరు నవ్వుతారు. నవ్వండి. అవి నడక నేర్చుకుంటుంటే నా ధ్యాస కడుపు మీదనుంచి మళ్ళేది. ఒకటి ముందు ధైర్యం చేసి కాలితో మట్టి గీరింది. దాన్ని చూసి మిగతావి గీరాయి. ఇంకొకటి ఎండలో గుంట చేసుకుని దుమ్ములో పొర్లాడితే, చచ్చిపోతోందనుకుని నేను కేకలు పెట్టాను. "తానం సేస్తందే, నోరుమూసుకో," అంది మా అత్త. మెడల మీద ముళ్ళలా కొత్త ఈకలు మొలిచాయి. వాటికి ఒళ్ళు రావడం చూస్తుంటే నాకు ఆకలేసేది.

అంతా బాగుందనుకుంటుండగా గుడ్లు పెట్టడం మొదలెట్టాయి. మొదటిది తోలుగుడ్డు, పైన పెంకు లేకుండా సంచిలా మెత్తగా ఉంది. నేలన పడీ పడగానే చితికింది. పెట్టిన కోడే వెనక్కి తిరిగి, దాన్ని ఒకసారి పొడిచి, రుచి చూసి, తాగేసింది. మిగతావి పరుగున వచ్చి తడిసిన మట్టి కూడా వదల్లేదు. తర్వాత్తర్వాత కాస్త పెంకున్న గుడ్లు వచ్చాయి. వాటిని పొడిచి మరీ తిన్నాయి. ఒకటి గూట్లో కూర్చుంటే నాలుగు బయట కాపలా ఉండేవి. కూర్చున్నది లేవడమే తరువాయి.

మా అత్త అది చూసి చేతిలో చీపురు కింద పడేసింది.

"ఓలమ్మో! తన కడుపులోది తానే తింటన్నాది! ఒలే, నువ్వటు సూడకు. కడుపుతో ఉన్న మనిషి సూడకూడదు. మొగం ఇటు తిప్పు!"

"మనం తినడం లేదా అత్తా గుడ్లు?"

"మనవేటి పెట్టినాం ఆ గుడ్లు?"

సాయంత్రం కొడుకు ఇంటికి రాగానే తీర్పు చెప్పేసింది. అలాంటి కోళ్ళు కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ఉండకూడదు. ఏడో నెల వచ్చేలోగా మానితే సరి, లేకపోతే కత్తి పెట్టడమే. మా ఆయన నా వంక చూశాడు. "మానిపిస్తాను," అన్నాను. ఎలాగో నాకే తెలీదు.

ఒక్కటి తెలుసు. ఆ కోళ్ళు కోతకి వెళ్తే నేను తట్టుకోలేను. పడుకుని పడుకుని బుర్ర పాడైపోయిందేమో, లోపల్లోపల ఒక పందెం వేసుకున్నాను. వీటిలో ఒక్కటైనా తన గుడ్డు తను తినకుండా గూట్లో వదిలేస్తే నా బిడ్డ నాకు దక్కుతుంది. తాయెత్తులు వద్దని అరిచిన నోటితోనే ఇలాంటి మొక్కు మొక్కుకున్నాను. ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

పక్క క్వార్టర్‌లో మేం మాసీమా, అంటే పిన్ని, అని పిలిచే బెంగాలీ ఆవిడ ఉండేది. ఆవిడ బెంగాలీలో, మా అత్త తెలుగులో గంటలు గంటలు మాట్లాడుకునేవారు, ఒకరి మాట ఒకరికి ఎలా తెలిసేదో ఆ దేవుడికే ఎరుక. మాసీమా గోడ మీంచి సంగతంతా విని, "బౌమా, డిమే షోర్షే భరో. ఎక్‌బార్ ఖాబే, ఆర్ ఖాబే నా!" అంది. కోడలా, గుడ్డుకి చిల్లు పెట్టి, సొన తీసేసి, ఆవముద్ద కూరి పెట్టమని. ఒక్కసారి తిన్నాయంటే ఇంక జన్మలో ముట్టవట. ఆవిడే ఆవాలు నూరి తెచ్చింది. కోళ్ళు ఆ గుడ్డు పగలగొట్టి, ఆవముద్ద తిని, ముక్కులు నేలకి తుడుచుకుని, ఇంకా ఉందా అన్నట్టు చూశాయి. "మీ ఊరి కోళ్ళే దీదీ, ఆవపెట్టిన కూరలా తింటన్నాయి," అని మా అత్త విరగబడి నవ్వింది. ఆ తర్వాత మన కారం పెట్టి చూశాం. అదీ అంతే. కోడికి కారం తెలీదన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

మాసీమా ఓడిపోయి ఊరుకునే రకం కాదు. పెంకు పల్చగా ఉండబట్టే పగులుతోంది, ముందు పెంకు గట్టిపడాలి అంది. చెరువు నత్తలు వండుకున్నాక మిగిలే గుల్లల్ని ఎండబెట్టి, దంచి, డబ్బాలో పోసి రోజూ గోడ మీంచి అందించేది. నూకల్లో కలిపి పెట్టాం. వారం తిరిగేసరికి పెంకు గోటితో కొడితే టక్కుమనేంత గట్టిపడింది.

మా ఆయన వర్క్‌షాపులో కొయ్య నమూనాలు చేసే షాపులో మిస్త్రీ. పోత పోసే ప్రతి సామానుకీ ముందు కర్రతో అచ్చు నమూనా చెయ్యడం ఆయన పని. ఒకరోజు జేబులోంచి తీసి నా చేతిలో పెట్టాడు. కర్ర గుడ్డు. ఎంత నున్నగా తీశాడంటే, పైన తెల్లరంగు వేశాక నేనే చెప్పలేకపోయాను ఏది నిజమైనదో. "రైల్వే గుడ్డు. ఇది పగిల్తే నా ఉద్యోగం ఒగ్గేస్తాను," అన్నాడు. గూట్లో పెడితే కోళ్ళు టకటకా పొడిచి, ముక్కు నొప్పెట్టి, తలలు విదిలించుకుని వెళ్ళిపోయాయి. గూటికి అడుగున ఏటవాలుగా పలక కొట్టాడు, పెట్టిన గుడ్డు దొర్లి వెనక అరలోకి పోయేలా. ముందు గోనెపట్టా తెర కట్టాడు, లోపల చీకటిగా ఉంటే పొడవవని.

ఇంత చేశాం. నాలుగు రోజులు గుడ్లు దక్కాయి. నా గుండె కాస్త కుదుటపడింది. ఐదో రోజున మళ్ళీ మొదటికొచ్చింది. తెర కిందనుంచి మెడలు దూర్చి, వెనక అరలోకి తలలు పెట్టి, దొర్లిపోయిన గుడ్డుని వెతికి మరీ తిన్నాయి. మళ్ళీ రెండు మూడు రోజులు బుద్ధిగా ఉండేవి. మళ్ళీ ఆవేశం వచ్చేది. మంచం మీద పడుకున్నదాన్ని, నాకింకేం పని? లెక్కపెట్టుకుంటూ ఉంటే, ఈ పిచ్చి ఎప్పుడూ సోమవారాలే ఎక్కువని తోచింది. సోమవారానికీ కోడికీ ఏమిటి సంబంధం? తల పగలగొట్టుకున్నా తెలియలేదు. ఏడో నెల దగ్గర పడుతోంది. మా అత్త కత్తి మాట ఎత్తలేదు గానీ, కోళ్ళని చూసినప్పుడల్లా పెదాలు బిగించేది.

రోజూలాగే ఒక ఆదివారం మధ్యాహ్నం కూడా అన్నం తిని, వరండాలో ఎండ పడుతుందని గదిలోకి వచ్చి పడుకున్నాను. కునుకు పట్టీ పట్టకుండా ఉంది. మొహం మీద సన్నగా గాలి తగిలింది. కళ్ళు తెరవలేదు. మళ్ళీ తగిలితే రెప్పల సందులోంచి చూశాను. గాజులు చప్పుడు చెయ్యకుండా మోచేతి దాకా ఎగదోసుకున్న చెయ్యి నా మీంచి తిరుగుతోంది. పైన మా అత్త గొణుగుడు.

"ఇరుగోళ్ళ కళ్ళు, పొరుగోళ్ళ కళ్ళు, వార్డులో సూసినోళ్ళ కళ్ళు, నా పాడు కళ్ళు... ఆ తెల్ల కోళ్ళ కళ్ళు. అన్నీ పోవాల. బిడ్డ నిలవాల."

ఒళ్ళు మండిపోయింది. ఒట్టు పెట్టి ఇదా చేసేది! ఆవిడ గది దాటాక లేచి, గోడ పట్టుకుంటూ వెనక వరండాలోకి వెళ్ళాను. మా అత్త కుంటుకుంటూ పెరటి చివర కాలవ దగ్గరికి వెళ్తోంది. చెంగు చాటున గుడ్డు. ఆవిడ కంటే ముందు, రెక్కలు విదిలిస్తూ, ఐదు తెల్ల కోళ్ళు. ఎవరూ పిలవలేదు. వాటికి దారి తెలుసు. కాలవ పక్కన బండరాయి చుట్టూ చేరి, మెడలు సాచి, ఆవిడ చేతి వంకే చూస్తున్నాయి. మా అత్త మొహం పక్కకి తిప్పుకుని గుడ్డుని రాయి మీదికి విసిరింది. దిష్టి తీసినది వెనక్కి తిరిగి చూడకూడదు. ఆవిడ చూడలేదు. వచ్చేసింది. వెనక కోళ్ళు పండగ చేసుకుంటున్నాయి.

నాకు కోపం ఎక్కడికి పోయిందో, ముందు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడుపొచ్చింది. గుడ్డు మానిపించడానికి ఇల్లంతా కిందా మీదా పడుతుంటే, ఈవిడ ఆదివారం ఆదివారం పిలిచి మరీ వడ్డిస్తోంది! సోమవారాల పిచ్చికి కారణం ఇదన్నమాట!

"అత్తా!"

ఆవిడ అక్కడే కొయ్యబారిపోయింది. "ఏటీ నేదు. నువ్వెందుకు నేచినావు? పో, తొంగో," అంది.

"నాకు ఒట్టు పెట్టావు కదా?"

"పెట్టినాను. నోటితో పెట్టినాను. పేనం ఊరుకుంటాదేటి?"

"మరి ఇక్కడ పగలగొడతావేం? వెనక చూడు, నీ కోళ్ళు ఏం చేస్తున్నాయో!"

వెనక్కి తిరగలేక, తిరగకుండా ఉండలేక అవస్థ పడింది. చివరికి తిరిగి చూసింది. సొన తాగేసి, పెంకు ముక్కలు కూడా ఏరుకుంటున్నాయవి. మా అత్త నోటిమీద చెయ్యి వేసుకుంది. "ఓలి నాయనో. నానే నేర్పినానేటి?"

వరండా మెట్టు మీద కూలబడి చెప్పింది. మొదట్లో మూడు దారుల దగ్గరికే వెళ్ళిందట. వానకి మోకాళ్ళు పట్టేశాయి. దారిలో ఎవరైనా చూసి నాకు చెప్పేస్తారని భయం. అందుకని కాలవ దగ్గర. తను వెనక్కి తిరిగి చూడదు కాబట్టి కోళ్ళ సంగతి ఏనాడూ కంటపడలేదు.

"నా మాటంటే నీకు లెక్కలేదు కదా," అన్నాను. ఇంకా ఏదో అనబోయాను.

"మీ ఆయన కన్నా ముందు నాకు ముగ్గురు పోయినారే," అంది.

పెళ్ళయి అన్నేళ్ళయింది. ఆ మాట నేను అప్పుడే విన్నాను.

"కొత్తగా ఈ ఊరొచ్చినాను. భాష రాదు, మడిసి తెలీదు. అమ్మ నేదు, అత్త నేదు. నాకు దిట్టి తీసినోలు ఎవులూ నేరు. తీస్తే నిలిసేవారేమోనని ఇప్పటికీ అనిపిస్తాది. తీస్తే నిలుస్తారో నేదో నాకేటి తెలుసు? తీయకుండా మాత్రం నాను ఉండలేనే."

నేను కింద కూర్చోకూడదు. అయినా కూర్చున్నాను. ఆవిడ మోకాలు పట్టుకుని ఏడ్చాను. రెండో బిడ్డ పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. నా దుఃఖం నా ఒక్కదానిదే అనుకుని అందరి మీదా అరుస్తూ తిరిగాను గానీ, ఇదే ఇంట్లో అలాంటి దుఃఖమే ముప్పై ఏళ్ళుగా చప్పుడు చెయ్యకుండా వంట చేస్తోందని నాకేం తెలుసు?

ఆ తర్వాతి ఆదివారం నేనే తూర్పుకి తిరిగి పీట మీద కూర్చున్నాను. "రా అత్తా, తియ్యి," అన్నాను. ఆవిడ ఓ నిమిషం నమ్మలేదు. తర్వాత గాజులు ఎగదోసుకోకుండా, గలగలలాడిస్తూ, తనివితీరా తిప్పింది. తిప్పి, గుడ్డు చెంగులో పెట్టుకుని, మాసీమా చెయ్యి పట్టుకుని మూడు దారుల దాకా నడిచి వెళ్ళింది. ప్రతి ఆదివారం వెళ్ళింది. మాసీమాకి ఆ దిష్టి సంగతి ఎంత అర్థమైందో గానీ, వానైతే గొడుగు కూడా ఆవిడే పట్టేది. ఆ ఇద్దరు ఆడవాళ్ళు నా కోసం మెల్లగా నడుచుకుంటూ పోవడం వరండాలోంచి చూసేదాన్ని. దిష్టి మీద నాకు నమ్మకం కుదిరిందని చెప్పను. నా కోసం ఇంతమంది పాటుపడుతున్నారని మాత్రం ఒంటికి తెలిసేది. రాత్రిళ్ళు నిద్ర పట్టేది.

కాలవ దగ్గర విందు ఆగిపోయాక కోళ్ళు మొదటి రెండు ఆదివారాలూ రాయి చుట్టూ చేరి ఎదురుచూశాయి. తర్వాత అటు పోవడం మానేశాయి. కర్ర గుడ్డు పొడవడం కూడా మానేశాయి. ఒక పొద్దున్న మా అత్త గోనెతెర ఎత్తి, "ఒలే! ఒలే! ఇటు సూడు!" అని కేకలు పెట్టింది. ఒక కోడి ఏటవాలు పలకకి అడ్డంగా గడ్డి పోగేసుకుని కూర్చుంది. గుడ్డు దొర్లిపోనివ్వలేదు. లేపితే దాని కింద వెచ్చగా, చెక్కుచెదరకుండా ఉంది. మిగతా నాలుగూ పక్కనే తిరుగుతూ నూకలు ఏరుకుంటున్నాయి, దాని వంక చూడను కూడా లేదు. నన్ను అటు చూడొద్దన్న మనిషే ఆ గుడ్డుని తెచ్చి నా పొట్టకి ఆనించి పట్టుకుంది. అప్పటికి ఏడో నెల వచ్చి వారమైంది. కత్తి సంగతి ఆవిడా ఎత్తలేదు, నేనూ గుర్తు చెయ్యలేదు.

నెలలు నిండాయి. నొప్పులొచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మా అత్తని లోపలికి రానివ్వలేదు, వరండాలో నిలబెట్టేశారు. కూర్చోమంటే కూర్చోలేదట, పొద్దున్నుంచీ గోడకి చెయ్యి ఆనించి ఆ మోకాళ్ళ మీదే నిలబడి ఉందట. కానుపు గదిలో మన తెలుగు నర్సే ఉంది. బిడ్డ పుట్టింది. ఒక క్షణం ఏమీ వినబడలేదు. ఆ క్షణంలో నేనేమైపోయానో నాకే తెలీదు. తర్వాత గట్టిగా, గది అదిరేలా ఏడ్చింది. ఆడపిల్ల. నర్సు కడిగి, గుడ్డ చుట్టి నా పక్కన పడుకోబెట్టేసరికి ఏడుపు మానేసి కళ్ళు మూసుకుంది.

అప్పుడు మా అత్తని పిలిచారు. వచ్చింది. ఆడపిల్లా మగపిల్లాడా అని అడగలేదు. ఎవరి పోలిక అని వంగి చూడలేదు. మంచం కమ్మీ పట్టుకుని నిలబడి నర్సు వంక చూసింది.

"సిస్టరమ్మా, ఒకపాలి మల్లీ ఏడిపించవా? బయటికి సరిగ్గా ఇనబడనేదు."

నర్సు నవ్వి, పిల్ల అరికాలి మీద వేలితో చిటికేసింది. పిల్ల ఒళ్ళంతా ఎర్రగా చేసుకుని కెవ్వుమంది. మా అత్త చెవి ఒగ్గి చివరిదాకా వింది. విన్నాక మెల్లగా వంగి, మంచం పక్కన నేల మీద కూర్చుంది.